పెరట్లో కట్టెల పిజ్జా ఓవెన్: దిమ్మె కట్టడం నుంచి పిండి కలపడం వరకు

కట్టెలతో మండే పిజ్జా ఓవెన్‌ను పెరట్లో కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా గుమ్మటం గురించే ఎక్కువగా ఆలోచిస్తారు. అది కంటికి కనిపించే భాగం కాబట్టి అలా ఆలోచించడం సహజమే. అయితే కట్టిన ఓవెన్ బాగా పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం కంటికి కనిపించని విషయాల దగ్గర తేలుతుంది: నేల ఇటుకల కింద వేడిని ఆపే పొర ఉందా, మట్టిలోని తేమ పూర్తిగా పోయిందా. గుమ్మటం కాస్త వంకరగా వచ్చినా పిజ్జా కాలుతుంది కానీ, కింద పొర లేకపోతే ఎన్ని కట్టెలు పెట్టినా నేల వేడెక్కదు. తడి ఆరకముందే పెద్ద మంట పెడితే గుమ్మటం బీటలు వారుతుంది. కాబట్టి ఈ రెండింటి గురించీ ఇక్కడ కాస్త ఎక్కువగానే చెప్పవలసి ఉంటుంది.

ఈ ఓవెన్‌లో మంట, వంట రెండూ ఒకే గదిలో జరుగుతాయి. లోపల కట్టెలు మండుతున్నప్పుడు వాటి వేడిని నేల ఇటుకలు, మందపాటి గుమ్మటం పీల్చుకుని నిల్వ ఉంచుకుంటాయి. పిజ్జాను లోపల పెట్టాక నేల దాని అడుగును నేరుగా కాలుస్తుంది; గుమ్మటమూ పక్కన లేచే మంటా పైనుంచి వేడిని ప్రసరింపజేస్తాయి; ద్వారం కింది భాగం నుంచి లోపలికి వచ్చిన చల్లగాలి వేడెక్కి, గుమ్మటం కిందుగా తిరిగి, ద్వారం పై అంచు నుంచి పొగతో కలిసి బయటికి పోతుంది. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడుకుపోయిన పాంపే నగరపు రొట్టెల దుకాణాల్లో బయటపడిన పొయ్యిలు కూడా ఈ సూత్రం మీద పనిచేసినవే. అంత పాత పద్ధతి కావడం వల్లనే దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు.

గుమ్మటాన్ని ఫైర్ బ్రిక్స్‌తోనూ (ఎక్కువ వేడికి తట్టుకునే ఇటుకలు) కట్టవచ్చు, బంకమట్టి, ఇసుక కలిపిన మిశ్రమంతోనూ కట్టవచ్చు. ఇటుకల గుమ్మటం ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ ప్రతి వరుసలోనూ ఇటుకలను కోణం చూసి కోయాలి, వేడికి తట్టుకునే ప్రత్యేకమైన మోర్టార్ వాడాలి. మామూలు సిమెంటు మోర్టార్ ఆ వేడికి పట్టు కోల్పోయి పొడిగా రాలిపోతుంది. మొదటిసారి కట్టేవారికి మట్టి గుమ్మటమే మేలని నా అభిప్రాయం. తప్పు జరిగితే తడిపి సరిచేసుకోవచ్చు, నచ్చకపోతే పడగొట్టి అదే మట్టితో మళ్లీ కట్టుకోవచ్చు. నేలకు మాత్రం ఫైర్ బ్రిక్స్ తప్పనిసరి.

స్థలం, కొలతలు

ఓవెన్‌ను ఆరుబయటే కట్టాలి. మూసి ఉన్న గదిలో గానీ, గాలి ఆడని వరండాలో గానీ కట్టెలు మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాల మీదికి వస్తుంది. చెక్క కంచెలు, ఎండుగడ్డి, పైకి వంగిన చెట్టుకొమ్మలు, తాత్కాలికమైన పైకప్పులు ఓవెన్‌కు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వీస్తుందో కొన్ని రోజులు గమనించి, ద్వారం ఆ దిక్కుకు ఎదురుగా ఉండకుండా చూసుకోండి. లేకపోతే పొగ బయటికి రాకుండా వెనక్కి తిరుగుతుంది, వంట చేసేవారి ముఖానికే తగులుతుంది. ఆరుబయట మంటల విషయంలో మీ ప్రాంతంలో నియమాలేవైనా ఉన్నాయేమో పని మొదలుపెట్టకముందే తెలుసుకోవడం మంచిది.

ఇంటి అవసరానికి గుమ్మటం లోపలి వ్యాసం 27 అంగుళాలు ఉంటే చాలు. అందులో ఒక పక్కన మంట ఉంచి, మరో పక్కన 10 నుంచి 12 అంగుళాల పిజ్జాను తిప్పుకోవచ్చు. ఈ వ్యాసానికి లోపలి ఎత్తు 16 అంగుళాలు పెట్టుకోండి. ద్వారం ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో దాదాపు 63 శాతం ఉండాలన్నది ఓవెన్‌లు కట్టేవారిలో చాలామంది పాటించే లెక్క. ఆ ప్రకారం ఇక్కడ ద్వారం ఎత్తు 10 అంగుళాలు అవుతుంది. అంతకన్నా ఎత్తు పెంచితే పైన చేరిన వేడిగాలి జారిపోతుంది, బాగా తగ్గిస్తే గాలి చాలక మంట పొగలు కక్కుతుంది. ద్వారం వెడల్పు 13 లేదా 14 అంగుళాలు ఉంచితే, పిజ్జాను లోపల పెట్టి తీసే పలక సులభంగా లోపలికి వెళుతుంది. ఈ కొలతలన్నింటిలోనూ కచ్చితంగా పాటించవలసినది ద్వారం ఎత్తు ఒక్కటే. మిగిలినవి ఒక అంగుళం అటూ ఇటూ అయినా నష్టం లేదు.

దిమ్మె, దాని మీది పొర

మట్టి గుమ్మటం ఒక్కటే సుమారు 200 కిలోల బరువు ఉంటుంది. దాని కింద రాళ్లు, ఇసుకతో నింపిన దిమ్మెను కూడా కలిపితే మొత్తం బరువు రెండు టన్నులు దాటుతుంది. అందువల్ల మెత్తటి నేల మీద నేరుగా దిమ్మె కట్టకూడదు. పై మట్టిని తీసివేసి, ఆరు అంగుళాల మందాన కంకర పోసి దిమ్మిసతో గట్టిపరచి, దాని మీద నాలుగైదు అంగుళాల కాంక్రీటు వేయండి. కాంక్రీటు గట్టిపడేదాకా వారం రోజులు తడుపుతూ ఉండాలి.

దిమ్మె వెడల్పు నాలుగు అడుగులు, ముందు నుంచి వెనక్కి నాలుగున్నర అడుగులు ఉండేలా మామూలు ఇటుకలతో గానీ సిమెంటు బ్లాకులతో గానీ చుట్టూ గోడ కట్టి, మధ్యలో రాళ్లు, ఇటుక ముక్కలు, ఇసుక పొరలు పొరలుగా పోసి కూరాలి. ఇక్కడ గోడలకు మామూలు సిమెంటు వాడవచ్చు, ఎందుకంటే వేడి ఇంత కిందికి రాదు. దిమ్మె ఎత్తు 34 అంగుళాలు ఉంటే, పైన వచ్చే పొరలతో కలిపి ఓవెన్ నేల 41 అంగుళాల ఎత్తుకు చేరుతుంది. అంటే సగటు ఎత్తున్న మనిషి నిలబడినప్పుడు మోచేతి మట్టం. మీరు పొడవైనవారైతే రెండు అంగుళాలు పెంచుకోండి. వంగి వంగి మంట చూడవలసి వస్తే అరగంటకే నడుము పట్టేస్తుంది. కింద కట్టెలు నిల్వ చేసుకునే గూడు కావాలనుకుంటే మధ్యలో నింపకుండా, పైన ఇనుప చువ్వలతో స్లాబ్ వేయించుకోవాలి. ఆ పనిని అనుభవమున్న మేస్త్రీకి అప్పగించండి.

ఇప్పుడు అసలు పొర. వర్మిక్యులైట్ గానీ పెర్లైట్ గానీ (రెండూ తేలికైన ఖనిజపు గింజలే) ఐదు బకెట్లు, సిమెంటు ఒక బకెట్ చొప్పున కొలిచి ముందుగా పొడిగానే కలపండి. తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ, గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ముద్దగా నిలిచి, నీరు మాత్రం కారని స్థితికి తీసుకురండి. ఈ గింజలు తేలికగా, గాలిబుడగలతో నిండి ఉంటాయి, ఆ గాలే వేడిని కిందికి పోకుండా ఆపుతుంది. అందువల్ల కాంక్రీటును కూరినట్టు దీన్ని గట్టిగా దిమ్మిస కొట్టకూడదు; చెక్కతో మెల్లగా అదిమి, రసమట్టం పెట్టి చదును చేస్తే చాలు. మందం నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. ఈ రెండూ దొరకని చోట, ఖాళీ గాజు సీసాలను పక్కపక్కనే పేర్చి, వాటి సందుల్లో పలచని బంకమట్టి నీటిలో కలిపిన రంపపు పొట్టును నింపడం పాత పద్ధతి. అది కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆరడానికి చాలా రోజులు పడుతుంది. పొర వేశాక ప్లాస్టిక్ షీట్ కప్పి మూడు నాలుగు రోజులు గట్టిపడనిచ్చి, తర్వాత తీసివేసి మరో వారం ఆరనివ్వండి. వర్మిక్యులైట్, పెర్లైట్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి, సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులు ఉండాలి.

నేల

ఫైర్ బ్రిక్ సాధారణ కొలత 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, రెండున్నర మందం. గుమ్మటం గోడ కూడా ఇటుకల మీదే నిలబడేలా పరచాలంటే సుమారు 30 ఇటుకలు కావాలి. పొర మీద అర అంగుళం మందాన జల్లించిన పొడి ఇసుక పోసి, తిన్నని కర్రతో లాగి చదును చేయండి. ఒక్కో ఇటుకను పక్కదానికి ఆనించి, నిలువుగా కిందికి దించాలి. పక్కకు జరిపితే ఇసుక సందులోకి చేరి ఇటుకలు కలవవు. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి ఎత్తు సరిచేయండి. సందుల్లో మోర్టార్ ఏదీ వేయకూడదు. వేడికి ఇటుకలు కాస్త వ్యాకోచించాలి, అదీగాక కొన్నేళ్ల తర్వాత ఏ ఇటుకైనా పగిలితే దాన్ని పైకి లాగి మార్చుకునే వీలుండాలి.

ఇటుకలను ద్వారానికి 45 డిగ్రీల వాలులో పరిచితే పిజ్జా పలక ఏ ఇటుక అంచుకూ ఎదురుగా తగలదు. ఒక ఇటుక పక్కదానికన్నా మిల్లీమీటరు లేచినా పలక ప్రతిసారీ అక్కడే ఆగుతుంది, మెత్తటి పిండి అక్కడే చిరుగుతుంది. అరచేతితో నేలంతా తడిమి చూడండి; కంటికి తెలియని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. ద్వారం ముందు ఇటుకల వరుసను ఐదారు అంగుళాలు బయటికి ఉంచితే, తీసిన పిజ్జాను ఒక్క క్షణం ఆపుకోవడానికీ, బూడిదను ముందుకు లాగడానికీ చోటు ఉంటుంది.

గుమ్మటం

నేల మీద 27 అంగుళాల వ్యాసంతో వృత్తం గీయండి. వృత్తం మధ్యలో 16 అంగుళాల కర్రను నిలబెట్టి, దాని చుట్టూ తడి ఇసుకను గుట్టగా పోసి, కర్ర కొన కనిపించకుండా పోయేదాకా అద్దుతూ పోండి. గుట్ట పక్కలు మొదటి మూడు నాలుగు అంగుళాలు దాదాపు నిలువుగా లేచి, ఆ తర్వాతే లోపలికి వంపు తిరగాలి; మొదటి నుంచీ వాలుగా పోతే అంచుల్లో పిజ్జా పట్టే ఎత్తు ఉండదు. ఇసుక నునుపుగా వచ్చాక తడిపిన వార్తాపత్రికలను ఒకదాని మీద ఒకటి అంటించండి. తర్వాత ఇసుకను తవ్వి తీసేటప్పుడు ఎక్కడ ఆగాలో ఈ కాగితమే చెబుతుంది.

మట్టి ఎంపికకు కొంత సమయం కేటాయించాలి. పై మట్టిలో వేర్లు, ఆకుల చెత్త ఉంటాయి కాబట్టి దాని కిందిది తీసుకోవాలి. పిడికెడు మట్టిని తడిపి, పెన్సిలంత మందాన పొడవుగా చుట్టి, వేలికి చుట్టి చూడండి. విరగకుండా చుట్టుకుంటే అందులో బంక తగినంత ఉంది. ముక్కలైపోతే మరోచోట వెతకండి, లేదా పొడి చేసి అమ్మే బంకమట్టి కొనుక్కోండి. ఇసుక మాత్రం నునుపైన గుండ్రటి రేణువులది కాకుండా, కట్టడానికి వాడే గరుకైన ఇసుక అయి ఉండాలి. గరుకు రేణువులు ఒకదానినొకటి పట్టుకుని నిలబడతాయి. ఆరేటప్పుడు బంకమట్టి కుంచించుకుపోతుంది, ఇసుక కుంచించుకుపోదు. మిశ్రమంలో బంకమట్టి పని రేణువులను అంటించడం వరకే, బరువు మోసేదీ వేడిని నిల్వ ఉంచేదీ ఇసుకే.

ఒక పాలు బంకమట్టికి రెండు నుంచి మూడు పాళ్లు ఇసుక చొప్పున కలపాలి. ఈ ఓవెన్‌కు పది లీటర్ల బకెట్లతో ఇసుక పది, పదకొండు, బంకమట్టి నాలుగైదు సరిపోతాయి. టార్పాలిన్ మీద పోసి, నీళ్లు తక్కువగా చల్లుతూ కాళ్లతో తొక్కండి, మధ్యమధ్య టార్పాలిన్ అంచు పట్టి లాగి తిరగేయండి. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పిడికిలంత ఉండ చేసి నడుము ఎత్తు నుంచి నేల మీద పడేయండి. చదునుగా పరుచుకుంటే నీళ్లు ఎక్కువయ్యాయి; ముక్కలుగా చెదిరిపోతే పొడిగా ఉంది లేదా బంక చాలలేదు; గుండ్రంగా నిలిచి, ఒకటి రెండు సన్నని పగుళ్లు మాత్రమే వస్తే పని మొదలుపెట్టవచ్చు. వీలుంటే ఒకటి రెండు చిన్న ఇటుకలు చేసి ముందుగా ఆరబెట్టి చూడండి. అవి పగిలితే ఇసుక పెంచాలి.

ఈ లోపలి పొరలో గడ్డి గానీ పొట్టు గానీ కలపకూడదు. ఇది వేడిని దాచుకునే పొర కాబట్టి ఎంత దట్టంగా ఉంటే అంత మంచిది. నాలుగు అంగుళాల మందాన, అడుగు నుంచి వరుసలు వరుసలుగా పేర్చుతూ రండి. కొత్త ముద్దను ఇసుక గుట్ట వైపు నొక్కకుండా, కింది వరుస మీదికి నొక్కాలి. లేకపోతే ఇసుక లోపలికి పోయి గుమ్మటం ఆకారం చెడుతుంది. రెండు చేతుల అంచులతోనూ ముద్దను పట్టి, పిడికిలితో కింది ముద్దలోకి అదిమితే మధ్యలో అతుకు మిగలదు. మొత్తం గుమ్మటాన్ని ఒకేరోజు పూర్తి చేయడం అవసరం, ఆరిన మట్టికి తడిమట్టి సరిగా అతుక్కోదు. ఇద్దరు ముగ్గురు తోడుంటే సాయంత్రానికి పూర్తవుతుంది. చివరలో చదునైన చెక్కతో అంతటా తట్టి గట్టిపరచండి.

బొటనవేలితో గట్టిగా నొక్కితే చిన్న గుంట మాత్రమే పడే స్థితికి వచ్చాక ద్వారం కోయాలి. వాతావరణాన్ని బట్టి ఇది కొన్ని గంటల్లోనూ రావచ్చు, మర్నాటికీ రావచ్చు. ద్వారం గీతను తడిమట్టి మీద ముందే గీసుకుని, ఎత్తు 10 అంగుళాలేనని మరోసారి కొలిచి, పొడవాటి కత్తితో కోసి ముద్దను తీసేయండి. తర్వాత ఇసుకను చేత్తో మెల్లగా బయటికి లాగండి. కాగితం కనిపించగానే తవ్వడం ఆపి, కాగితాన్ని ఊడదీయండి. ఇసుకను రోజుల తరబడి లోపలే ఉంచితే, కుంచించుకుపోతున్న మట్టికి అది అడ్డుపడి పగుళ్లు తెస్తుంది. పొగ కోసమని గుమ్మటం నెత్తి మీద రంధ్రం పెట్టాలని కొందరికి అనిపిస్తుంది. అలా చేస్తే దాచుకోవలసిన వేడి అంతా ఆ దారినే పోతుంది. పొగగొట్టం కావాలంటే ద్వారం బయట, పై అంచుకు ముందుగా కట్టుకోవాలి. ఇంత చిన్న ఓవెన్‌కు అదీ లేకపోయినా ఫరవాలేదు.

ఆరబెట్టడం, పై పొరలు, తొలి మంటలు

గుమ్మటాన్ని కనీసం వారం పది రోజులు నీడలో, గాలి తగిలేలా ఆరనివ్వండి. ఎండ నేరుగా పడితే పై భాగం ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలి తేమ చిక్కుకుపోతుంది. తర్వాత పైభాగాన్ని కాస్త తడిపి గరుకుగా గీసి, రెండో పొర వేయాలి. పెయింట్ చిక్కదనంతో నీళ్లలో కరిగించిన బంకమట్టిలో రంపపు పొట్టు గానీ ఊక గానీ, అందులో పట్టినంత కలిపి, నాలుగు అంగుళాల మందాన పరవండి. ఇది బలం కోసం వేసేది కాదు. పొట్టు చుట్టూ అంటుకున్న మట్టి ఆరాక మిగిలే గాలిగదులే వేడిని బయటికి రాకుండా ఆపుతాయి. ఈ పొర లేని ఓవెన్‌లో పిజ్జా చేయవచ్చు గానీ, మంట ఆరిపోయిన గంట రెండు గంటలకే అది చల్లబడుతుంది.

రెండో పొర కూడా పైపైన ఆరాక తొలి మంటలు మొదలుపెట్టండి. మొదటిరోజు వేళ్లంత మందపు పుల్లలతో చిన్న మంట, లోపలి గోడ 100 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, మూడు నాలుగు గంటలు. ఆ తర్వాత రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుతూ, ఐదారు రోజుల్లో 300 డిగ్రీలకు చేర్చండి. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి ఉంటే ఈ పనికీ, ఆ తర్వాత వంటకూ పనికొస్తుంది. గుమ్మటం బయట తడి మచ్చలు కనిపించడం, ఆవిరి లేవడం లోపలి నీరు బయటికి వస్తోందనడానికి గుర్తు. ఆవిరి ఎక్కువగా లేస్తుంటే మరుసటి రోజు వేడి పెంచకండి, అదే స్థాయిలో మరోరోజు మండించండి. వెంట్రుకంత పగుళ్లు ఏ మట్టి ఓవెన్‌కైనా వస్తాయి, వాటి జోలికి పోనక్కరలేదు. ఐదు మిల్లీమీటర్లకు మించి నోరు తెరిచిన పగులును మాత్రం తడిపి, మొదటి పొర మిశ్రమంతోనే కూరండి.

చివరగా ఇసుక, సున్నం కలిపిన గిలాబా అర అంగుళం మందాన రెండు విడతలుగా వేస్తే రూపు వస్తుంది, చిరుజల్లులను తట్టుకుంటుంది. వానకు మాత్రం అది చాలదు. మట్టి ఓవెన్‌కు పైకప్పు ఉండి తీరాలి, ఆ కప్పు ద్వారం నుంచి వచ్చే మంట నాలుకకు అందనంత ఎత్తులో, మండని సామగ్రితో ఉండాలి.

పిండి

ఇంటి ఓవెన్‌లో చేసే పిజ్జా పిండిలో చక్కెర, నూనె వేయడం మామూలు, ఎందుకంటే తక్కువ వేడిలో అవి రంగును, మెత్తదనాన్ని ఇస్తాయి. 400 డిగ్రీల నేల మీద అదే చక్కెర పిండి ఉడకకముందే మాడిపోతుంది. అందువల్ల ఈ పిండిలో మైదా, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేదీ వద్దు. 1984లో ఇటలీలోని నేపుల్స్‌లో ఏర్పడిన అసోసియాజియోనే వెరాచే పిజ్జా నపొలెటానా అనే సంఘం తన నియమావళిలో చెప్పిన పదార్థాలు కూడా ఈ నాలుగే.

ఆరు పిజ్జాలకు: మైదా 1 కిలో, నీరు 620 గ్రాములు, ఉప్పు 25 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు. నీటిని కూడా తూచడమే నయం, కొలపాత్రలు మోసం చేస్తాయి. ఈస్ట్ తూచే చిన్న త్రాసు లేకపోతే, సమంగా గీసిన ఒక చిన్న చెంచాలో సుమారు 3 గ్రాములు పడుతుంది కాబట్టి అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. మైదా ప్యాకెట్ మీద 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది. 11 నుంచి 13 గ్రాముల మధ్య ఉన్నది ఎంచుకోండి. అంతకన్నా బాగా తక్కువ ఉంటే పిండి సాగదీసేటప్పుడు చిరుగుతుంది. అదే దొరికితే నీటిని 580 గ్రాములకు తగ్గించి కలపండి.

చల్లటి నీటిలో ఉప్పు పూర్తిగా కరిగించి, మైదాలో పదో వంతు అందులో వేసి కలిపాక ఈస్ట్ చల్లండి. ఉప్పునీటిలో ఈస్ట్‌ను నేరుగా వేయకుండా ఇలా చేస్తే దాని మీద ఉప్పు ప్రభావం తగ్గుతుంది. మిగిలిన మైదాను గుప్పెడు గుప్పెడుగా కలుపుతూ పోండి. మొత్తం ముద్దగా చేరాక బల్ల మీద వేసి, అరచేతి మడమతో ముందుకు నెట్టి, మడిచి, పావు వంతు తిప్పుతూ పది నిమిషాలు పిసకండి. అప్పటికి పిండి ఇంకా గరుకుగానే ఉంటే పొడి పిండి చల్లకండి. గిన్నె బోర్లించి పది నిమిషాలు వదిలేసి, మళ్లీ మూడు నాలుగు నిమిషాలు పిసికితే, ఏమీ కలపకుండానే అది నునుపు తేలుతుంది. చిన్న ముక్కను రెండు చేతులతో లాగితే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పలచగా సాగాలి.

మూత పెట్టి రెండు గంటలు బయట ఉంచి, 270 గ్రాముల చొప్పున ఆరు ఉండలు చేయండి. ప్రతి ఉండనూ అంచులు కిందికి లాగి అడుగున చిటికెతో మూసి, పైభాగం బిగువుగా ఉండేలా చుట్టాలి. అడుగు తెరిచి ఉంటే సాగదీసినప్పుడు అక్కడే కన్నం పడుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాల్లో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచండి. ఈస్ట్‌ను పెంచి రెండు గంటల్లో పొంగించవచ్చు గానీ, రుచి, సులభంగా సాగే గుణం నిదానంగా పులిసినప్పుడే వస్తాయి. కాల్చడానికి రెండు మూడు గంటల ముందు ఉండలను బయట పెట్టండి. ఎండాకాలంలో గంటన్నర చాలు. వేలితో నొక్కిన గుంట నిదానంగా, సగమే తిరిగి లేస్తే అవి సిద్ధమైనట్టు.

మంట, కాల్చడం

కట్టెలు గట్టి జాతివి, తేమ 20 శాతానికి మించనివి కావాలి. బాగా ఎండిన కట్టె కొసల్లో పగుళ్లు ఉంటాయి, రెండింటిని తాటిస్తే మొద్దుగా కాక ఖంగుమని మోగుతాయి. రంగు వేసినవి, మందు పట్టించినవి, ప్లైవుడ్ ముక్కలు ఎప్పుడూ వాడకూడదు, వాటి పొగ విషం.

సన్నటి పుల్లలతో ఓవెన్ మధ్యలో మంట మొదలుపెట్టి, క్రమంగా మణికట్టంత మందపు కట్టెలు పేర్చండి. మొదట గుమ్మటం లోపల అంతా మసి పట్టి నల్లబడుతుంది. గంట గడిచాక, గోడ 350 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేసరికి ఆ మసి కాలిపోయి, నడినెత్తి నుంచి మొదలై అంచుల దాకా గుమ్మటం తెల్లబడుతూ వస్తుంది. థర్మామీటరు లేనివారికి ఇదే కొలత. తెల్లబడగానే తొందరపడి పిజ్జా పెట్టకుండా మరో అరగంట మంట కొనసాగించండి. అప్పటికి పైపొర మాత్రమే వేడెక్కి ఉంటుంది, రెండో పిజ్జాకే నేల చల్లబడుతుంది. తర్వాత నిప్పులన్నింటినీ ఒక పక్కకు నెట్టి, ఇత్తడి బ్రష్‌తో నేలను శుభ్రంగా ఊడ్చి, ఐదు నిమిషాలు ఆగి వేడి కొలవండి. నేల 370 నుంచి 420 డిగ్రీల మధ్య ఉండాలి. చిటికెడు మైదా చల్లితే రెండు మూడు క్షణాల్లో గోధుమ రంగుకు రావాలి. పడగానే నల్లబడితే కాస్త ఆగండి.

పక్కకు నెట్టిన నిప్పుల మీద ఎప్పుడూ ఒక కట్టె మంటతో మండుతూ ఉండాలి. నిప్పులు మాత్రమే ఉంటే పిజ్జా అడుగు కాలుతుంది గానీ పైన పాలిపోయి ఉంటుంది. మంట కొస గుమ్మటాన్ని తాకి, పిజ్జా ఉన్న వైపు వంగుతుంటే అదే సరైన మంట.

ఉండను మైదా చల్లిన బల్ల మీద పెట్టి, వేళ్ల కొసలతో మధ్య నుంచి బయటికి నొక్కుతూ రండి, అంచు చుట్టూ ఒక వేలి వెడల్పు మేర ముట్టుకోకుండా వదిలేయండి. పులిసేటప్పుడు చేరిన గాలి ఆ అంచులోకి చేరి, కాలినప్పుడు ఉబ్బుతుంది. అప్పడాల కర్రతో వత్తితే ఆ గాలి అంతా పోతుంది. తర్వాత రెండు చేతుల మీద తిప్పుతూ 11 అంగుళాల దాకా సాగదీయండి. పైన వేసేవన్నీ తక్కువగా, పొడిగా ఉండాలి: చేత్తో చిదిమి ఉప్పు కలిపిన, ఉడికించని టమాటా గుజ్జు 70, 80 గ్రాములు, నీరు కారిపోయేదాకా జల్లెడలో ఉంచిన మోజరెల్లా 80, 90 గ్రాములు. అంతకు మించితే రెండు నిమిషాల్లో ఆ నీరు ఆవిరి కాదు.

రవ్వ కొద్దిగా చల్లిన చెక్క పలక మీదికి పిజ్జాను జరిపి, పలకను ఒకసారి ఆడించి చూడండి. పిజ్జా పలక మీద జారాలి. ఎక్కడైనా అంటుకుంటే ఆ అంచు ఎత్తి రవ్వ వేయండి. పలక కొసను నేలకు ఆనించి ఒక్క విసురుతో వెనక్కి లాగాలి, ఇక్కడ జంకితే పిజ్జా మడత పడుతుంది. 20, 30 క్షణాలు కదపకుండా వదిలేస్తే అడుగు గట్టిపడుతుంది. అప్పటి నుంచి ఇనుప పలకతో కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ దాన్ని ఎత్తిన చోటే మళ్లీ దింపండి. పక్కనున్న నేల ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పెడితే అడుగు మాడుతుంది. పై చెప్పిన వేడిలో ఒకటిన్నర, రెండు నిమిషాల్లో పిజ్జా అయిపోతుంది. నేల 350 దగ్గర ఉంటే మూడు నిమిషాలు పట్టవచ్చు, అది లోపమేమీ కాదు. అడుగు ముందుగా మాడి పైన పచ్చిగా ఉంటే కట్టె వేసి మంట పెంచండి, నేలను కొన్ని నిమిషాలు ఖాళీగా వదలండి. పైన మాడి అడుగు తెల్లగా ఉంటే నిప్పులను నేల మీద పది నిమిషాలు పరిచి, మళ్లీ పక్కకు నెట్టండి.

పిజ్జాలన్నీ పూర్తయ్యాక నిప్పులు తీసివేసి, ద్వారానికి మందపాటి చెక్క తలుపును తడిపి అడ్డుపెడితే వేడి గంటల తరబడి నిలుస్తుంది. 250 డిగ్రీలకు దిగాక రొట్టెలు కాల్చుకోవచ్చు, మర్నాడు మిగిలిన గోరువెచ్చదనంలో తర్వాతిసారికి కట్టెలు ఎండబెట్టుకోవచ్చు. తీసిన నిప్పులను, బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, చెక్క సామానుకు దూరంగా, మట్టి నేల మీద ఉంచండి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రెండు మూడు రోజులైనా బతికి ఉంటుంది. నేల మీద మాడి అంటుకున్న చీజ్‌ను నీళ్లతో కడగకూడదు, తర్వాతి మంటకు అదే కాలిపోతుంది.